పదకొండు డాలర్లు

ఆఫీసు అమ్మాయి కాగితం నా వైపు తిప్పింది.
ఇది మీ నెల ఆదాయం, ఇది మా గీత.
గీతకి పైన పదకొండు డాలర్ల ఎత్తులో
నిలబడి ఉన్నాం నేనూ రోసెండో.
జబ్బు పడటానికి
మేం కాస్త ఎక్కువ ధనవంతులమట.
ఆయన నవ్వబోయాడు, దగ్గొచ్చింది.
అది ఆగేదాకా ఆ పిల్ల
పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.
పొమ్మనలేక పొగబెట్టడం అంటారు;
ఇక్కడ వాళ్ళకా శ్రమ కూడా లేదు,
పొగ మేమే తెచ్చుకున్నాం, రెండు ఊపిరితిత్తుల నిండా.

అరిజోనా ఎండలో రాగి కొలిమి దగ్గర
ముప్పై ఒక్క ఏళ్ళు. రోజుకి రెండు పెట్టెలు.
కొలిమి పొగ జీతమిచ్చేది,
పెట్టె పొగ పుచ్చుకునేది.
ఒక రాత్రి కరెంటు బిల్లు వెనక లెక్క వేశాను:
వంటింటికి కొత్త కప్పు,
మార్సెలా పళ్ళకి తీగలు,
నడిచే పికప్పు ఒకటి
ఆ బూడిద గిన్నెలో ఉన్నాయి.
ఆయనకి చూపించలేదు.
మడిచి చిక్కుడు గింజల డబ్బాలో పెట్టాను.

ఆ వేసవి సరుకుల కొట్టు ముందు
హిల్డ్రెడ్ నోవాక్ అట్టపలక పట్టుకుని నిలబడింది,
డెబ్భై ఆరేళ్ళ మనిషి, నెత్తిన తడి తువాలు.
సిగరెట్ కంపెనీలు రాష్ట్రానికి కట్టే రాజీ సొమ్ము
మాలాంటి వాళ్ళ మందులకీ మంచాలకీ పోవాలా, వద్దా,
నవంబరు బ్యాలెట్ మీద జనాన్నే అడగాలి,
అందుకు సంతకాలు కావాలంది.
"చేతులు కాలాక ఆకులు" అన్నాను నేను.
"కాల్చింది ఆ ఆకులే కదా," అన్నాడు రోసెండో,
"వాటిచేతే కట్టిద్దాం."
డబ్బన్నాడో, గాయానికి కట్టన్నాడో
నేను అడగలేదు.

ఒక చేత్తో ఆక్సిజన్ బండి, ఒక చేత్తో పెన్ను.
ఇంటిపేరు సగంలో ఊపిరి కోసం ఆగాడు.
బర్రే... అన్న తర్వాతి అక్షరాలు
కాగితం అంచుదాకా జారిపోయాయి.

ఎండలు తగ్గాక హిల్డ్రెడ్ ఫోన్ చేసింది.
సంతకాలు చాలినన్ని వచ్చాయి, ప్రశ్న బ్యాలెట్ ఎక్కింది.
ఆయనది మాత్రం కొట్టేశారు.
పాత సంతకంతో పోలలేదట.
పాత సంతకం ఎవరిది మరి?
షిఫ్ట్ దిగి కోడిపుంజులా నడిచొచ్చే ఒకడిది.
వాడు నాకూ కనబడి చాన్నాళ్ళయింది.

పోలింగు రోజు ఫైర్ స్టేషన్‌లో
ఎర్ర ఇంజను బయటికి తోసి బల్లలు వేశారు.
ఓటర్ల పుస్తకం మీద స్కేలు జరపడం నా పని,
నోరు మెదపకపోవడం కూడా.
బంకు నడిపే ఎల్డన్ ప్రూయిట్ వచ్చాడు,
మా ఆయనకి నెల నెలా పెట్టెలు అరువిచ్చినవాడు.
"ఎవరో తాగితే ఎవరో మందు పోయాలా?" అన్నాడు గాలితో.
స్కేలు జరిపాను.
వెనకాలే వాళ్ళావిడ వనీటా.
తెర లోపల చాలాసేపు ఉండిపోయింది,
పోతూ పోతూ 'ఓటేశాను' స్టిక్కర్లు రెండు తీసుకుంది.

అయిదింటికి బండి చక్రాల కిర్రు.
తల ఎత్తకుండానే తెలిసింది.
పుస్తకం ఆయన వైపు తిప్పాను.
పైన అచ్చు పేరు, పక్కన పాత సంతకం,
ఖాళీ గడి.
రాశాడు. ఆగాడు. మళ్ళీ రాశాడు.
చివరి అక్షరం పక్కింటివాళ్ళ గడిలోకి దిగింది.
ఇక పోల్చి చూడాల్సింది గుమస్తా.
చూశాను.
ముప్పై నాలుగేళ్ళుగా చూస్తున్న చెయ్యే.
"సరిపోయింది, మిస్టర్ బర్రేరాస్," అన్నాను,
బ్యాలెట్ ఇచ్చాను.

ఆ రాత్రి రేడియోలో గెలిచిందన్నారు.
వెనక గుమ్మం దగ్గర లైటర్ టిక్కుమంది.
నేను పళ్ళేలు కడుగుతూనే ఉన్నాను.

తర్వాత కోర్టన్నారు, బడ్జెట్టన్నారు,
చలికాలం దాటింది, రెండో ఆక్సిజన్ సీసా వచ్చింది.
ఒక రోజు తపాలాలో కార్డు.
వెనక తెల్లటి పట్టీ, వేలెడంత, సంతకానికి.
బల్ల మీద మోచెయ్యి ఆనించి
పట్టినంత పెట్టాడు.